పేరుబలం

కుళాయి నీళ్ళు పట్టాలి. పిండిలో ఉప్పు కలపాలి. అత్తమ్మకి బీపీ మాత్ర టిఫిను తిన్నాకే ఇవ్వాలి. ఆయన యూనిఫారం ఇంట్లోనే ఇస్త్రీ చెయ్యాలి, బయట ఇస్తే కాలరు దగ్గర మాడుస్తారంటారు. కూతురు సత్యశ్రీ ప్రాజెక్టుకి చార్టు కొనాలి. రెండు క్యారేజీలు కట్టాలి, కూర మిగిలితే మూడోది. గ్యాసు బుక్ చెయ్యాలి, ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది గనక ఆయన బస్సెక్కకముందే చెయ్యాలి. తొమ్మిదింటికల్లా స్కూల్లో ఉండాలి. శనివారంలోగా ఆయన చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించి కాలేజీలో ఇవ్వాలి.

మధులత ఈ పనులేవీ ఎక్కడా రాసుకోలేదు. పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో చేస్తున్నవే గనక చేతులకే గుర్తు. ఆఖరి దానికి మాత్రం ఆమె చేతులు చాలవు. ఇంకొకరి చెయ్యి కదలాలి.

సోమవారం పొద్దున అర్జునరావు గుమ్మంలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నప్పుడు ఆమె కాగితం, పెన్ను పట్టుకుని పక్కన నిలబడింది. అతనికి అచ్యుతాపురంలో రొయ్యల కంపెనీలో ఉద్యోగం. ఆరున్నరకి కూర్మన్నపాలెం జంక్షనులో కంపెనీ బస్సు ఆగుతుంది.

"ఇప్పుడేటే, బస్సొచ్చే టైముకి? సాయంత్రం సూద్దాం" అన్నాడు తలెత్తకుండా.

"నిన్నా ఇదే మాటన్నారు."

"నిన్నటి సాయంత్రం వేరు, ఇయ్యాల్టి సాయంత్రం వేరు" అని నవ్వాడు. అతని నవ్వు బాగుంటుంది. ఆ నవ్వుతోనే చాలా పనులు రేపటికి పోతుంటాయి.

లోపల్నుంచి అత్తగారు సన్యాసమ్మ కేకేసింది. "బయలెల్తన్న మగోడికి ఎదురుగా కాయితం పట్టుకుని నిలబడకే అమ్మీ! శకునం బాగోదు. ఆడు వచ్చీసినాక సూసుకోండి మీ సంతకాలూ అయీ."

అర్జునరావు లేచి క్యారేజీ అందుకున్నాడు. స్కూటరు తాళం మధులత చేతిలో పెట్టి, "పంచరేయించీ" అని వెళ్ళిపోయాడు. అలా పై జాబితాలో ఇంకో పని చేరింది.

ఆ కాగితంలో ఉన్నవి నాలుగే లైన్లు. ఫలానా ఆన్‌లైన్ కోర్సు నా మెయిల్ మీద నమోదైనా, పాఠాలు విని, పరీక్ష రాసి, నెగ్గినది నా భార్య మధులత. ఆ కోర్సు క్రెడిట్లు ఆమె డిగ్రీకి బదిలీ చేసేందుకు నాకు అభ్యంతరం లేదు. ఇంతే. కింద అతని సంతకానికి జాగా. కాగితం రాసిచ్చింది కాలేజీలో ఈ వ్యవహారాలు చూసే తాయారు మేడమ్. మద్దిలపాలెంలో బస్సు దిగి, ఎండలో నడిచి వెళ్ళిన మధులతని ముందు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటమ్మా, మార్కులు నీవి, పేరు మీ ఆయనది!" అన్నది ఆవిడే.

అది ఎలా జరిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మధులతది అనకాపల్లి వైపు పల్లెటూరు. తల్లీ తండ్రీ చెరకు పొలాల్లో పనిచేసేవాళ్ళు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె. బీయస్సీ మూడో సంవత్సరం మధ్యలో పెళ్ళయింది. పరీక్షలు అత్తారింటి నుంచి రాసుకోవచ్చన్నారు. తీరా పరీక్షల నాటికి నీళ్ళోసుకుంది. "పరీచ్చ హాల్లో కక్కుకుంటా కూకుంటావేటి, సదువెక్కడికీ పోదు" అన్నారు. చదువు నిజంగానే ఎక్కడికీ పోలేదు. పన్నెండేళ్ళు ట్రంకు పెట్టెలో పెళ్ళి చీర కింద మార్కుల కాగితాలై పడి ఉంది. రెండేళ్ళ కిందట కాలేజీ వాళ్ళు మధ్యలో మానేసినవాళ్ళకి ఒక ఆఖరి అవకాశం ఇస్తున్నామన్నారు. ఈ విద్యా సంవత్సరం గడువులోగా, అంటే ఈ శనివారంలోగా, మిగిలినవన్నీ పూర్తిచేస్తే పట్టా. లేకపోతే పాత పేపర్లేవీ చెల్లవు, మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టుకోవాల్సిందే. మధులత మిగిలిన పేపర్లన్నీ రాసింది. రాసినవన్నీ నెగ్గింది. అప్పటి మార్కుల లెక్క పోయి ఇప్పుడు క్రెడిట్ల లెక్క వచ్చిందనీ, ఆమెకింకా నాలుగు క్రెడిట్లు తక్కువనీ, ఏదైనా విశ్వవిద్యాలయం నడిపే ఆన్‌లైన్ విస్తరణ కోర్సు ఒకటి పూర్తిచేస్తే వాటిని బదిలీ చేసుకోవచ్చనీ చెప్పారు. ఆమె సముద్రపు చేపలు, రొయ్యలు చెడిపోకుండా నిలవచేసే కోర్సు ఎంచుకుంది. తను చదివిన జువాలజీకి దగ్గర. ఇంట్లో రోజూ వినిపించే మాటలకీ దగ్గరే.

పన్నెండు వారాల కోర్సు. కరోనా రోజుల్లో కూతురి క్లాసుల కోసం కొన్న టాబ్‌ని కందిపప్పు డబ్బాకి ఆనించి పెట్టుకునేది. ఒక చెవిలో ఇయర్ ఫోను, రెండో చెవి ఖాళీ. ఒక చెవి పాఠానికీ, ఒక చెవి ఇంటికీ. రొయ్య చచ్చిన తరవాత తల ఎందుకు నల్లబడుతుందో చెబుతూ ఉండగా "అమ్మీ, నా కళ్ళజోడేదే" అని వినిపించేది. పాఠం ఆపి, కళ్ళజోడు వెతికిచ్చి, ఎక్కడ ఆపిందో మరిచిపోయి, మళ్ళీ తల నుంచి మొదలుపెట్టేది. అలా ఒక్కో రొయ్యని నాలుగేసి సార్లు చంపింది.

పేరు సంగతికొస్తే, కోర్సులో చేరే మొదటి రోజున టాబ్ దానంతటదే ఆ గడి నింపేసింది. టాబ్‌లో ఉన్న మెయిల్ అర్జునరావుది, పేరూ అతనిదే వచ్చి కూర్చుంది. మధులత చూడలేదనుకోకండి. చూసింది. వేలు ఆ గడి మీద ఒక క్షణం ఆగింది కూడా. కానీ ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. అర్జునరావు పుట్టినప్పుడు ఊరి సిద్ధాంతి "ఈడి పేరుకి బలముంది, ఏదెట్టినా ఈడి పేరు మీదెట్టండి" అన్నాడట. అప్పట్నుంచి గ్యాసు అతని పేరు మీద, కరెంటు మీటరు అతని పేరు మీద, మధులత నడిపే స్కూటరూ అతని పేరు మీదే. సత్యశ్రీ తెచ్చుకున్న కుక్కపిల్లకి టీకా వేయించబోతే ఆ కార్డు మీద కూడా యజమాని అర్జునరావే. "ఆడి పేరునుంటే కలిసొత్తాదే" అంటుంది సన్యాసమ్మ. అన్నీ అలాగే ఉన్న ఇంట్లో ఇదొక్కటీ వేరుగా పెట్టుకుంటే ఏదో ఎదురు తిరిగినట్టు ఉంటుందని మధులతకి అనిపించింది. చివర్లో మార్పించుకోవచ్చులే అనుకుంది. ఒక్కోసారి ఆమె తన మీద తనే విసుక్కునేది ఆ క్షణం తలుచుకుని. ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపలేదు, ఎవరూ తిట్టలేదు. పేరు మార్చడానికి పదిసార్లు వేలు ఆడిస్తే చాలు. ఆ వేలు ఎందుకు కదల్లేదు? దీనికి ఆమె దగ్గర ఉన్న సమాధానం ఒక్కటే. ఎప్పుడూ అడిగే అలవాటు ఉన్న మనిషికి, అడగక్కర్లేని చోట కూడా అనుమతి లేనట్టే ఉంటుంది.

సర్టిఫికెట్టు వచ్చిన రోజు సాయంత్రం ఆమె టాబ్ పట్టుకెళ్ళి భర్తకి చూపించింది. వందకి ఎనభై తొమ్మిది మార్కులు. అతను మార్కులు చూడలేదు. "ఓలమ్మ, నా పేరు ఇంగిలీషులో ఎంత బాగుందే! ఇలా పంపీ, మా వోళ్ళకి సూపిత్తాను" అని తన ఫోనుకి పంపించుకున్నాడు. మధులత కూడా నవ్వింది. పదిరోజుల తరవాత అతను స్వీటు బాక్సుతో వచ్చాడు. లైన్ సూపర్‌వైజరు అర్జునరావు ఇప్పుడు షిఫ్టు ఇన్‌చార్జి. కంపెనీలో ఆ పోస్టుకి ముగ్గురు పోటీ. నిలవ, నాణ్యతల మీద కోర్సు చేసినవాళ్ళకి మొదటి అవకాశం ఇస్తామని నోటీసు పెట్టారట. మేనేజరు పూలగుత్తి ఇస్తున్న ఫోటో కూడా తెచ్చాడు. ఫోటోలో అతని చేతిలో ఉన్న కాగితం ఏమిటో మధులత వేళ్ళతో పెద్దది చేసి చూసింది. అది తన కోర్సు సర్టిఫికెట్టే.

"అది నాది కదండీ" అంది.

"నీదీ నాదీ ఏటే మొగుడూ పెళ్ళాల్లో? స్వీటు తిను."

ఆమె తిన్నది. ఆ మాట కూడా రాయాలి. స్వీటు తిన్నది, ఫోటో బాగుందని అన్నది, అతని స్నేహితులు వస్తే పకోడీలు వేసింది. ఆ పకోడీలు తింటూ ఒకాయన, "కంపెనీ డ్యూటీ సేస్తా సదవడమంటే మాటలు కాదు బావా, ఎప్పుడు సదివీవాడివి?" అని అడిగితే, అర్జునరావు వంటింటి వైపు చూడకుండా, "ఏదో, పొద్దున్నే లేసి" అన్నాడు. మధులత పొయ్యి దగ్గర నిలబడి విన్నది. పొద్దున్నే లేచేది ఎవరో ఆ ఇంట్లో కుక్కపిల్లకి కూడా తెలుసు.

స్కూల్లో ఆమె పరిస్థితి ఇంకో రకం. కూర్మన్నపాలెంలో చిన్న ప్రైవేటు బడి. ఎల్‌కేజీ పిల్లలకి అక్షరాలు దిద్దించేదీ, ముక్కు తుడిచేదీ, బాత్రూముకి తీసుకెళ్ళేదీ ఆమే. పిల్లలు టీచరంటారు, జీతాల పుస్తకంలో ఆయా అని ఉంటుంది. మొన్న తనిఖీ వాళ్ళు వచ్చినప్పుడు కరస్పాండెంటు సన్యాసిరాజు పక్కకి పిలిచి, "మీరు స్టాఫ్ రూములో కూకోకండమ్మా, రిజిస్టర్లో మీ పేరు లేదు కదా. కాస్త టీలు అందించండి" అన్నాడు. చెడ్డ మనిషేం కాదు. ఆమె ఒకసారి తొమ్మిదో తరగతి వాళ్ళకి ఖాళీ పీరియడులో కప్ప గుండె గురించి చెబుతుంటే కిటికీ దగ్గర నిలబడి విన్నాడు. "పట్టా తెచ్చీయండి, జూన్ నుంచి సైన్సు మీకే ఇచ్చీత్తాను" అని తనే అన్నాడు. ఆ రోజు నుంచి జూన్ నెల మధులతకి కాలెండరులో మిగతా నెలల కంటే దగ్గరగా కనిపించేది. శనివారం దాటితే ఆ జూన్ ఉండదు. ఈ జూనే కాదు, ఏ జూనూ ఉండదు. ఇప్పుడు మళ్ళీ ఇంకో కోర్సులో చేరదామన్నా పన్నెండు వారాలు కావాలి, ఉన్నవి ఆరు రోజులు.

బుధవారం సాయంత్రం ఆమె ఇంక వాయిదా పడనివ్వలేదు. అతను టీ తాగుతున్నప్పుడు కాగితం గ్లాసు పక్కన పెట్టింది. ఈసారి అతను నవ్వలేదు. చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఇది కాలేజీలో ఇత్తే ఆళ్ళేటి సేత్తారు?"

"యూనివర్సిటీకి పంపుతారు. వాళ్ళు సర్టిఫికెట్టు మీద పేరు మార్చి నా పేరు మీద ఇస్తారు."

"అంటే నా పేరు తీసీత్తారు."

"మీరు చెయ్యలేదు కదండీ కోర్సు."

అతను గ్లాసు కింద పెట్టాడు. "మా కంపెనీవోళ్ళు ఆరు నెలలకోపాలి అన్ని సర్టిఫికెట్లూ ఆన్‌లైన్లో సూత్తారే. నంబరు కొడితే నీ పేరు వత్తాది. అప్పుడు నానేటి సెప్పాల? మా ఆవిడ సదివీసింది, నాను పోస్టు కొట్టీసానని సెప్పాలా? పోస్టు పోడం కాదు, గేటు బయటికి నెట్టీత్తారు. నాకేటి నీ సదువంటే కుళ్ళేటి? ఒచ్చే ఏడు సదువుకో. కావాలంటే నానే ఫీజు కడతాను."

"వచ్చే ఏడు లేదండి. చెప్పాను కదా. మొదటి సంవత్సరం నుంచి రాయాలి."

"రాయి. నీకేటి, బాగా సదువుతావు కదా" అన్నాడు. అందులో వెటకారం లేదు. నిజంగానే అన్నాడు. అదే ఆమెకి ఎక్కువ నొప్పి. ఆమె బాగా చదువుతుందని తెలిసిన మనిషి, ఆ చదువు ఎన్నిసార్లయినా మళ్ళీ మొదట్నుంచి చెయ్యొచ్చని అనుకుంటున్నాడు. అంట్లలాగా. ఇవాళ తోమినా రేపు తోమాల్సిందేగా అన్నట్టు. తను మోసం చేశాడని అతనికి ఎక్కడా అనిపించడం లేదని ఆమెకి అర్థమైంది. అతని దృష్టిలో ఇంట్లో ఉన్నది ఇంట్లోనే వాడారు. ఉప్పు డబ్బాలో ఉప్పు ఎవరు పోశారని కూరలో వేసేటప్పుడు ఎవరడుగుతారు?

సన్యాసమ్మ చాప మీద నుంచి అంతా వింటూనే ఉంది. కొడుకు లేచి బయటికి వెళ్ళాక కోడల్ని దగ్గరికి పిలిచింది. తిడుతుందనుకుంది మధులత. తిట్టలేదు.

"కూకో. నీకు ఆర్ కార్డు సంగతి తెలుసా?"

తెలుసు. స్టీల్ ప్లాంటుకి భూములిచ్చిన కుటుంబాలకి ఇచ్చిన కార్డు అది. దాని మీదే మామగారికి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. ఆయన పోయి ఆరేళ్ళయింది.

"ఆ భూమెవులదనుకున్నావు? మీ మామది కాదే. మా అయ్య నాకు పసుపు కుంకాల కింద ఇచ్చిన ఎకరన్నర. జీడితోట. నా సేత్తో ఏసిన మొక్కలు. కార్డు రాసినప్పుడు ఆపీసరు ‘ఎవరి పేరు రాయమంటారు’ అనడిగితే అందరూ మీ మామ ఏపే సూసినారు. నానూ ఆయనేపే సూసినాను. ఆయనికి ఉజ్జోగమొచ్చింది, ఈ ఇల్లొచ్చింది, ఆడికి సదువొచ్చింది. నానేటైనా ఏడిసినానా?"

"ఏడవలేదా అత్తమ్మా?"

చాప ఈనె ఒకటి లేచి ఉంటే ముసలావిడ దాన్ని గోటితో లోపలికి దోపుతూ కూర్చుంది. "ఆ జీడిపళ్ళు ఎర్రటివే, పసుపువి కావు. ఇప్పుడా సోట ఏటుందో కూడా నాకు తెల్దు. గోడ కట్టీసినారు" అంది. మళ్ళీ ఒకసారే గొంతు మార్చి, "ఇల్లు నిలబడాలంటే ఒకలు నేల కింద ఉండాల. ఊరుకో. మగోడి ఉజ్జోగం మీదికి తేకు" అంది.

గురువారం స్కూలు ఇంటర్వెల్లో మధులత తాయారు మేడమ్‌కి ఫోను చేసి, సంతకం దొరకదని చెప్పింది. ఎందుకో చెప్పలేదు. ఆవిడ అడగలేదు. "నువ్వు చెప్పకపోయినా నాకు అర్థమవుతుందిలేమ్మా, ఇది మొదటి కేసు కాదు" అని, "కాలేజీ తరఫున నేనే యూనివర్సిటీకి రాస్తాను. వాళ్ళు ఖాతాదారుడికి మెయిల్ పెట్టి అడుగుతారు. ఆయన సమ్మతమని ఒక్క ముక్క పంపితే నాకు కాగితం అక్కర్లేదు. పంపకపోతే నా చేతుల్లో ఏమీ లేదు. రేపు సాయంత్రం అయిదు దాకా చూస్తాను" అంది.

శుక్రవారం మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చేసరికి టాబ్‌లో ఆ మెయిల్ ఉంది. గౌరవనీయులైన అర్జునరావు గారికి అని మొదలైంది. తమరి పేరు మీద ఉన్న సర్టిఫికెట్టు వాస్తవానికి శ్రీమతి మధులత పొందవలసినదని కాలేజీ నుంచి అభ్యర్థన వచ్చింది, తమరి సమాధానం ఈ మెయిల్‌కే పంపండి అని ఉంది. అర్జునరావు ఆ మెయిల్ తెరిచి ఏళ్ళయింది. దాని రహస్య పదం కూడా అతనికి గుర్తులేదు. అది తెరుచుకునేది ఈ టాబ్‌లో ఒక్కచోటే. మధులత ఇల్లంతా ఒకసారి చూసుకుంది. సన్యాసమ్మ నిద్రపోతోంది. సత్యశ్రీ ట్యూషనుకి పోయింది. టైము మూడూ పది.

ఆమె ముందు చేసిన పని, అందరూ చేసే పనే. ‘నాకు సమ్మతమే, ఇట్లు అర్జునరావు’ అని కొట్టేసింది. వేళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు. బ్యాంకు వాళ్ళకీ, కరెంటు ఆఫీసుకీ, సత్యశ్రీ స్కూలుకీ ఇన్నేళ్ళూ అతని తరఫున రాసింది ఆమేగా. పంపేస్తే అయిపోతుంది. పట్టా వస్తుంది. కంపెనీ వాళ్ళు ఆరు నెలల తరవాత చూస్తారో చూడరో. చూసినా, అప్పటికి ఏదో ఒకటి. అతనికి తెలియనే తెలియదు. ఎంత సులువు!

పంపడానికి వేలు పెట్టబోయి ఆగింది. కోర్సులో చేరిన రోజున ఆగిన చోటే ఆగిందని ఆమెకి తెలిసింది. ఇప్పుడు కూడా అతని పేరే. అతను సరే అన్నాడు గనక ఆమెకి పట్టా. అదీ అతను అనని సరే. తన చదువుని తనే దొంగతనంగా, భర్త చొక్కా వేసుకుని పోయి తెచ్చుకోవడం. రేపు సత్యశ్రీ ‘నీకు డిగ్రీ ఎలా వచ్చిందమ్మా’ అంటే ఏం చెప్పాలి? మీ నాన్న సంతకం నేను పెట్టుకున్నాను అనా? కానీ నిజం రాస్తే? నిజం రాస్తే యూనివర్సిటీ వాళ్ళు ఖాతాదారుడి మాట కావాలి, నీ మాట చెల్లదు అనొచ్చు. అప్పుడు పట్టా పోతుంది. రాసింది కంపెనీ దాకా పోతే అతని ఉద్యోగమూ పోతుంది. రెండూ పోయి ఇంట్లో ముగ్గురి మొహాలూ చూస్తూ బతకాలి. ఎటు తిరిగినా గోడే. గోడకి అటువైపు ఏముందో తెలియదు. అత్తగారు అన్న మాట ఆమె చెవిలోంచి పోవడం లేదు. ఇల్లు నిలబడాలంటే ఒకరు నేల కింద ఉండాలట. ఆవిడ యాభై ఏళ్ళు నేల కిందే ఉంది. అలా ఉన్నావిడ పక్కగదిలో గురక పెడుతోంది, జీడిపళ్ళు ఎర్రటివని ఇంకా గుర్తుపెట్టుకుని.

మధులత కొట్టినదంతా చెరిపేసింది. మొదటి వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. ఆ తరవాత ఆగలేదు.

‘ఈ మెయిల్ అర్జునరావు గారిది. రాస్తున్నది ఆయన కాదు. నేను మధులతని. పన్నెండు వారాలూ ఇందులోంచి మీకు రాసింది నేనే. పేరు తప్పుగా పడిందని నాకు మొదటి రోజే తెలుసు, దిద్దుకోకపోవడం నా పొరపాటు. ఆ సర్టిఫికెట్టు ఇప్పుడు ఆయన ఉద్యోగానికి కూడా వాడారు. అది దాచి మీకు రాయడం నాకు ఇష్టం లేదు. ఆయన సమ్మతి నా దగ్గర లేదు. ఆయన ఇవ్వలేదు. నా మాట చాలుతుందో లేదో మీరే చెప్పాలి. పరీక్ష మళ్ళీ పెడతామంటే ఇప్పుడే కూర్చుంటాను. ఏ ప్రశ్నయినా ఫోనులో అడగండి’ అని తన నంబరు ఇచ్చింది. ఆ నంబరు కూడా ఆయన పేరు మీదే ఉందని గుర్తొచ్చి, ఆ సంగతి కూడా రాసింది. ఒక కాపీ తాయారు మేడమ్‌కి పెట్టింది. ఆయన సాయంత్రం వచ్చాక ఇంకొకరు చెప్పకముందే తనే చెప్పాలనుకుంది. భయం వేసినా అనుకున్నది మార్చుకోలేదు.

ఇక రుజువు. మార్కులు కాదు, పాఠాలు కాదు. తనకి తెలిసి అర్జునరావుకి తెలియనిది ఏదైనా ఉందా అని వెతుక్కుంది. ఉంది. కోర్సులో ఎనిమిదో వారం ఎక్కడికైనా వెళ్ళి చూసి రిపోర్టు రాయమన్నారు. చేపలు తెస్తానని ఇంట్లో చెప్పి, పొద్దున్నే బస్సు పట్టుకుని ఫిషింగ్ హార్బరుకి వెళ్ళింది. అక్కడ జరిగింది తలుచుకుంటూ రాయడం మొదలుపెట్టాక ఇంకో సంగతి తెలిసొచ్చింది. మెయిల్‌కి తగిలించడానికి రిపోర్టు తెరిచి మూడో పేజీ మళ్ళీ చదివింది. మొగుడి మీద, అత్త మీద, స్కూలు మీద ఇన్నాళ్ళుగా కూడబెట్టుకున్న కోపంలోంచి కొంత భాగం లేచి ఆమె మీదికే తిరిగింది.

నాలుగూ నలభైకి పంపింది. పంపేముందు మళ్ళీ చదవలేదు. ఆ ఉత్తరంలో ఆఖరి పేరా ఇది:

‘రిపోర్టు మూడో పేజీలో, ఐసు వెయ్యడం గురించి ఒక స్థానిక మత్స్యకార మహిళ చెప్పిందని రాశాను. మీరు ఎక్కువ మార్కులు వేసింది ఆ పేజీకే. ఐసు ముక్కలు పెద్దవైతే రొయ్యకి దెబ్బ తగులుతుందనీ, ‘ఐసెయ్యడం కాదమ్మా, కరిగిన నీరు కిందికి పోనివ్వడం నేర్సుకోవాల, నీటిలో నానితే ఐసున్నా కుళ్ళిపోద్ది’ అనీ, బుట్ట అడుగున కన్నం చూపించి చెప్పింది ఆవిడ. బేరం వదులుకుని నాకోసం గంటసేపు కూర్చుంది. ఆవిడ పేరేమిటో అర్జునరావు గారిని అడగండి, ఆయనకి తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా రిపోర్టులో రాయలేదు, మహిళ అంటే చాలనుకున్నాను. నా పేరు దిద్దడం మీకు కుదురుతుందో లేదో నాకు తెలియదు. కుదరకపోయినా మూడో పేజీ మాత్రం ఒకసారి దిద్దండి. ఆవిడ పేరు చిట్టమ్మ. దయచేసి గుర్తుంచుకోండి.’